లమ్జద్ చేతిలో గాలి

మా పడమటి వాడలో మాట్లాడుతున్న మనిషి సగంలో ఆగిపోతే మతిమరుపనుకోకూడదు. విమానం వస్తోందన్నమాట. తెరిచిన నోరు అలాగే ఉంచి, చెయ్యి ఒకటి గాలిలో నిలబెట్టి, అది మేడల మీదుగా పోయేదాకా ఆగి, మళ్లీ అదే ముక్క దగ్గర అందుకుంటారు. బేరాలూ అంతే, తగువులూ అంతే. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు మొదట్లో అత్తగారు కోపంతో కొయ్యబారిపోయిందనుకుని హడలిపోతారు.

విమానాశ్రయం మాకూ సముద్రానికీ మధ్యన ఉంది. రన్‌వే ఒక్కటే. తూర్పు కొస నీళ్లలోకి జారిపోతుందేమో అన్నట్టుంటుంది. పడమటి కొస సరిగ్గా మా ఇళ్ల మొహాన్ని చూస్తూ ఉంటుంది. దాని పక్కన నిలబడ్డ టవర్‌లో మా వాడ మనిషి లమ్జద్ పని చేస్తాడు. ఏ విమానం ఏ కొస నుంచి దిగాలో, ఏ కొసకి లేవాలో తన డ్యూటీలో ఉన్నంతసేపూ చెప్పేది అతనే. సన్నటి మనిషి, యాభై దాటాయి. ఇంట్లోంచి అడుగు బయట పెట్టగానే మొహం కాస్త పైకెత్తి చెంపతో గాలి చూసుకోవడం అతనికి అలవాటు. ఆ అలవాటే అతని కొంప ముంచిందని భార్య నజీహా ఇప్పటికీ అంటుంది. ఉద్యోగం ఉన్నవాడు ఉద్యోగాన్ని ఇంటిదాకా మోసుకురాకూడదట.

ఒకసారి కాఫీ కొట్టులో ఎవరో అడిగితే లమ్జద్ చెంచా బల్ల మీద పెట్టి విడమరిచి చెప్పాడు. ఆ రోజు నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

"విమానం ఎప్పుడూ గాలికి ఎదురెళ్లి దిగాలి, ఎదురెళ్లి లేవాలి. అప్పుడే రెక్కలకి బలం, చక్రాలకి పట్టు. వెనక నుంచి గాలి నెడుతుంటే దిగింది ఆగదు, రన్‌వే దాటి పోతుంది. సముద్రం గాలి వీస్తే దిగేవన్నీ మన వైపు నుంచి వస్తాయి. పడమటి గాలి వీస్తే లేచేవన్నీ మన మీదుగా పోతాయి."

"అంటే ఎటు వీచినా మన నెత్తినేనా?" అంది పుదీనా కట్టలు అమ్ముకుంటూ అటు వచ్చిన లల్లా మోంజియా. పెద్దవాళ్లలో ఆడవాళ్లని లల్లా అనీ, మగాళ్లని సీ అనీ పిలవడం మా మర్యాద. వాడలో ఆవిడ నోటికి అడ్డు లేదు.

"ఎటు వీచినా మనమే, లల్లా. అసలు వీయకపోతే మాత్రం నా చేతిలో ఉంటుంది. వచ్చేదాన్ని సముద్రం మీద నుంచి రమ్మంటాను, పోయేదాన్ని సముద్రం మీదకే పొమ్మంటాను. అదీ రాకపోకలు పలచగా ఉన్నప్పుడే. పైలట్ ఒప్పుకుంటేనే."

ఇంత చెప్పాడు కదా, వాడకి మిగిలింది ఒక్క ముక్క. నా చేతిలో ఉంటుంది.

ఆ చలికాలంలోనే బడిపంతులు సీ బెషీర్ పోయాడు. శ్మశానం రన్‌వే కొసకి మరీ దగ్గర. అక్కడ చదివే ప్రార్థనలు సగం దేవుడికి చేరవని మాకు ఎప్పటినుంచో బెంగ. ఆ మధ్యాహ్నం ఆకు కదల్లేదు. ఒక విమానం వచ్చింది, ఒకటి పోయింది, రెండూ సముద్రం మీదుగానే. ఇమాం గొంతు చివరి మాట దాకా వినబడింది. మట్టి వేసి తిరిగొస్తూ మగాళ్లందరూ టవర్ వైపు చూశారు. సాయంత్రానికి పంతులుగారి ఇంటి నుంచి లమ్జద్ ఇంటికి గుడ్డ కప్పిన గోధుమరవ్వ కుస్కుసు పళ్లెం వచ్చింది.

లమ్జద్ ఆకలి మీద ఉన్నాడు. తిన్నాడు.

మా దగ్గర పళ్లెం ఖాళీగా తిరిగి పోదు. నజీహా దాన్ని కడిగి, తుడిచి, ఖర్జూరం పెట్టి వేయించిన మక్రూద్ ముక్కలు సర్ది పంపింది. పళ్లెం నింపి పంపితే ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలైనట్టే. నువ్వు పెట్టావు, నేను పుచ్చుకున్నాను, ఇక నీ పని నా పని. నజీహాకి ఆ సంగతి తెలియక కాదు. లమ్జద్‌కే, ఏమిటో, ఆ పూట తట్టలేదు.

తర్వాత పళ్లాలు వరస కట్టాయి. బాలింత ఉన్న ఇంటి నుంచి ఒకటి, పరీక్షకి చదువుకునే పిల్ల ఉన్న ఇంటి నుంచి ఒకటి, పావురాలు గుడ్లు పొదగడం లేదని ఒకాయన నుంచి ఒకటి.

"అందులో ఏమీ పెట్టొద్దని చెప్పానా?" అని లమ్జద్ భార్య మీద లేచాడు.

"ఏమీ పెట్టలేదు. నాలుగు మక్రూద్‌లు పెట్టాను."

"నాలుగు పెట్టాక ఏమీ పెట్టకపోవడం ఎక్కడిది?"

"ఖాళీ పళ్లెం పంపేలా మా అమ్మ నన్ను పెంచలేదు. పైగా వాళ్ల పావురాల ఉసురు నాకెందుకు? నీకు చేతనైతే పళ్లెం గుమ్మంలోనే ఆపు. నా చేతికి వచ్చాక నేనూ మనిషినే."

గుమ్మంలో ఆపడం అతని వల్ల కాలేదు. తెచ్చేది ముసలమ్మలు. 'వద్దు' అనే మాటకి ముందే వాళ్లు దీవెన మొదలుపెడతారు. వేసవి వచ్చేసరికి సముద్రం గాలి రోజూ మధ్యాహ్నం లేవడం, దిగే విమానాలన్నీ వరసగా మా మేడల మీదుగా రావడం మొదలైంది. వాటితోపాటే నిలదీయడాలు.

"ఏం సీ లమ్జద్! నిన్న మనవడి కన్ను అప్పుడే మూత పడింది, ఒకదాని వెనక ఒకటి తోలావు. మా పళ్లెం తిన్న నోటితోనే తోలావా?" అని లల్లా మోంజియా వీధి మధ్యలో నిలబెట్టి అడిగింది.

"నేను తోలలేదు లల్లా. గాలి తోలింది."

"గాలికి మేం కుస్కుసు పెట్టలేదయ్యా. నీకు పెట్టాం."

ఆ రోజు నుంచి లమ్జద్ పనికి వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాడు. చెత్త డబ్బాల పక్కగా, తల వంచుకుని. సందు చివర ఇంటి కిటికీలోంచి కూడా ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. "మా కోడలికి ఈ వారం నెలలు నిండుతున్నాయి, గుర్తుంది కదా బాబూ?" వేరే వాడకి ఇల్లు మారుద్దామని నజీహాతో అన్నాడట. "అక్కడికీ పళ్లాలు వస్తాయి, కాకపోతే చల్లారి వస్తాయి," అందట ఆవిడ.

తీజానీ మామ వచ్చింది ఆ వేసవి మొదట్లోనే.

తీజానీ మంగలి. మా వాడ గడ్డాలన్నీ ఆయన చేతి కింద పెరిగి తరిగినవే. పెళ్లిళ్లలో తాతల నాటి మలూఫ్ పాటలు పాడేవాడు. కత్తి పట్టిన చేతి నిదానమే గొంతులోనూ ఉండేది. లమ్జద్ తండ్రి చిన్నప్పుడే పోతే, కుర్రాడు బడి నుంచి నేరుగా మంగలి కొట్టుకి పోయేవాడు. వెనక గదిలో తీజానీ భార్య వడ్డించేది. చదువుకునే వయసంతా ఆ ఇంటి అన్నమే. ఆయన మాటకి వాడలో ఎదురాడేవాడు లేడు. గొంతు మీద కత్తి పెట్టించుకున్నవాళ్లు కదా అందరూ.

ఆ రోజు లమ్జద్ ఇంట్లో ఎర్రటి షాషియా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

"డాక్టరు గొంతు కోస్తాడట నాయనా. ట్యూనిస్‌లో. నేను జన్మంతా జనం గొంతుల మీద కత్తి ఆడించాను, ఇప్పుడు నా వంతు," అని నవ్వాడు. "మనిషి మిగులుతాడు, పాట మిగలదన్నాడు. దాపరికం లేకుండా చెప్పాడు, మంచివాడు."

లమ్జద్ ఆయన దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"మనవరాలు ఎమ్నాకి పెళ్లి గోరింట పెట్టే రోజు ఆసుపత్రికి ముందే పడింది. పొద్దు వాలే వేళ, అసర్ నమాజు కాగానే మేడ మీద పాడతాను. మైకు వద్దు, మైకులో పాడితే అది మైకు గొంతు. నా గొంతు ఎలా ఉండేదో పిల్లకి గుర్తుండాలి. పాట మొదలై ముగిసేదాకా నా మేడ మీదకి ఏదీ రానివ్వకు. అంతే నేను అడిగేది."

"మామా, అది నా..."

"పళ్లెం తేలేదు, చూశావా? నీకు నేను పళ్లెం తేవడమేంటి. నువ్వు నా ఇంట్లో తిన్నవాడివి."

లమ్జద్ "చూస్తాను మామా" అన్నాడు. పెద్దవాడికి 'చూస్తాను' అంటే మా దగ్గర అది మాట ఇచ్చినట్టే. తీజానీ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తెల్లారేసరికి వాడంతా తెలిసింది. ఎమ్నా గోరింట రోజున ఆకాశం లమ్జద్ మూసేస్తాడట.

ఇక అతని తిప్పలు మొదలయ్యాయి. ఆ కాలంలో మధ్యాహ్నాలు సముద్రం గాలి తప్పదు. దిగేవన్నీ సరిగ్గా తీజానీ మేడ మీదుగానే రావాలి. ఆ గాలిని ఆపగలిగింది ఒక్కటే, ఎడారి నుంచి వచ్చే షహీలీ. దక్షిణం నుంచి వేడిగా, ఇసుక వాసనతో వస్తుంది. అది రన్‌వేకి అడ్డంగా, పక్క నుంచి వీస్తుంది. మరీ గట్టిగా వీయకపోతే రెండు కొసలూ విమానానికి ఒకటే. అప్పుడు సముద్రం మీద నుంచి రప్పించి సముద్రం మీదకే పంపొచ్చు.

"పెళ్లివారంతా చల్లగాలి కోసం మొక్కుకుంటుంటే నువ్వు వడగాలి కోసం మొక్కుతున్నావా?" అంది నజీహా. "షహీలీ వస్తే గోరింట చేతి మీద పడకముందే ఎండిపోతుంది. ఆ ముసలాయన గొంతు మాత్రం తడిగా ఉంటుందా?"

"తెలుసు."

"తెలిసీ మొక్కుతున్నావా?"

"ఇంకేం మొక్కమంటావు చెప్పు. నా డ్యూటీ ఇంకొకరికి మార్పించుకుందామంటే, ఆ ఇంకొకడికి తీజానీ ఎవరో తెలియదు. సముద్రం గాలి అంటే సముద్రం గాలే అంటాడు. అదే సరైన మాట కూడా."

వాతావరణం వాళ్లకి ఫోన్ చేసి చేసి వాళ్లకి విసుగు పుట్టించాడు. ఎటు వీస్తుందో రెండు పూటలా అడిగేవాడు. నజీహా చూస్తుండగా కుక్కర్ ఆవిరి ఎటు పోతోందో చూసేవాడు. మంచం మీద పడుకుని కిటికీ పరదా వైపు తిరిగేవాడు. పరదా లోపలికి ఉబ్బితే ఒక బెంగ, బయటికి పీల్చుకుంటే ఇంకో బెంగ.

గోరింట రోజున షహీలీ వచ్చింది. మెత్తగా, చెంపకి రొట్టె పెనం దగ్గర పెట్టినట్టు. వాడంతా ముఖం చిట్లించుకుంది. లమ్జద్ ఒక్కడే ముందు వీధిలోంచి పనికి పోయాడు.

తీజానీ మేడ మీద ఆడవాళ్లు ఎమ్నా చుట్టూ చాపల మీద కూర్చున్నారు. మగాళ్లం మెట్ల దగ్గరా పిట్టగోడ మీదా సర్దుకున్నాం. మూలన మట్టి కుంపటిలో నిప్పుల మీద సాంబ్రాణి వేశారు. పొగ దక్షిణం గాలికి ఉత్తరపు గోడ వైపు వాలి పోతోంది. తీజానీ తేనె కలిపిన వేడినీళ్లు రెండు గుటకలు మింగి, చెవి వెనక మల్లెమొగ్గల గుత్తి సర్దుకుని, మొదలుపెట్టాడు.

ఆ గొంతులో గరగర ఉంది. అయినా కాసేపటికి అది పక్కకి తప్పుకుంది, పాత గొంతు బయటికి వచ్చింది. లల్లా మోంజియా కూడా నోరు మూసుకుని విన్నది. దూరాన ఒక విమానం లేచింది. అందరం బిగుసుకున్నాం. అది మా వైపు కాకుండా సముద్రం మీదకి పోయింది. పిట్టగోడ మీదున్నవాళ్లు ఒకరి మోకాలు ఒకరు తట్టుకున్నారు. "ఆకాశం మూశాడు, మగాడు," అన్నాడు ఒకడు గొణుగుతూ.

టవర్‌లో ఆ సమయానికి ఏం జరిగిందో లమ్జద్ నాకు ఆ తర్వాత చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒకేలా చెప్పాడు.

యాత్రికుల విమానం ఒకటి సముద్రం మీద నుంచి వరస కట్టి వస్తోంది. దిగాల్సింది పడమటికి మొహం పెట్టి. ఆ సమయంలో తూర్పు కొసనున్న గాలి సంచి, అంతదాకా దక్షిణపు గాలికి పక్కకి వాలి ఉన్నది, చప్పబడింది. తర్వాత మెల్లగా మా ఊరి వైపు తిరిగింది. సముద్రం గాలి లేచిందన్నమాట. అంటే వచ్చేదాని వీపు మీద వీస్తోంది. గాలి వేగం చూపే ముల్లు ఇంకా హద్దు లోపలే ఉంది. అతను ఉన్నది ఉన్నట్టు రేడియోలో పైలట్‌కి చెప్పాడు. ఆవిడ నిదానంగా, "మాకు ఇంకా ఫర్వాలేదు. మీరేమంటారు?" అని అడిగింది.

"అదే, చూడు," అనేవాడు లమ్జద్ నాతో ఈ చోటుకి రాగానే. "కుదరదని ఆవిడే అనేసి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. మీరేమంటారు అంది. హద్దు లోపలుంది కదా, దింపెయ్ అనొచ్చు. అంటే తప్పు కాదు. కాని ఆ గాలి పెరిగే గాలి. ముప్పై ఏళ్లుగా మధ్యాహ్నాలు దాన్ని చూస్తున్నాను, అది లేచాక తగ్గదు. ఆవిడ నేలకి చేరేసరికి హద్దు దాటుతుంది. నా బొటనవేలు రేడియో మీట మీద ఉంది. మామ ఎక్కడిదాకా పాడి ఉంటాడో అని లెక్క వేస్తున్నాను. విమానంలో మనుషులున్నారని కాదు, మామ గురించి. అంతసేపు."

అంతసేపు అంటే ఎంతసేపో నాకు తెలియదు. మీట నొక్కి, దిగడం ఆపమన్నాడు. చుట్టు తిరిగి పడమటి వైపు నుంచి రమ్మన్నాడు. అంటే మా మీదుగా.

మేడ మీద మాకు ఇవేవీ తెలియవు. మేం చూసింది ఇది. తీజానీ పాడుతూ పాడుతూ, ఎవరూ ఆపని చోట ఆపాడు. ఎత్తు స్వరానికి ఎక్కబోయే ముందు. చెయ్యి గాలిలో నిలబడిపోయింది. గొంతు పోయిందనుకున్నారు అందరూ. ఎమ్నా గోరింట చేతులతో అలాగే లేవబోయింది. ఆయన కళ్లు మాత్రం కుంపటి మీద ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. ఎక్కడా చప్పుడు లేదు. తర్వాత, బాగా తర్వాత, పడమటి నుంచి ఆ హోరు మొదలైంది. పెద్దదవుతూ వచ్చింది. నీడ మా మీద నుంచి, గోరింట గిన్నె మీద నుంచి, గోడ మీద నుంచి పాకింది. చక్రాలు దించుకున్న పొట్ట కనబడింది.

అది పోయాక తీజానీ ఆపిన చోటే అందుకున్నాడు. కాని గొంతు చల్లబడిపోయింది. ఎత్తుకి ఎక్కలేకపోయింది. మిగతా పాట కిందనే, మాట్లాడుతున్నట్టు, ముగించాడు. ఎమ్నా మోచేతితో కళ్లు తుడుచుకుంది. లల్లా మోంజియా పిట్టగోడ దగ్గరికి పోయి టవర్ వైపు చూస్తూ అన్న మాట నేను రాయను.

పని దిగాక లమ్జద్ ముందు వీధిలోంచే వచ్చాడు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు మాట ఆపారు. ఆకాశంలో విమానం ఏమీ లేదు. అతను నేరుగా తీజానీ ఇంట్లోకి పోయాడు. నేనూ వెనకే పోయాను, అతన్ని ఒంటరిగా పంపబుద్ధి కాలేదు.

తీజానీ దిండుకి ఆనుకుని పాలు తాగుతున్నాడు.

"మామా," అన్నాడు లమ్జద్. "ఈసారి గాలి తోలిందని అనను. నేనే పంపాను."

"కూర్చో." గొంతు గుసగుసలా వస్తోంది. "పొగ చూశాను. గోడ వైపు వాలినది లేచి నిలబడింది, తర్వాత ఊరి వైపు తిరిగింది. సముద్రం గాలి వచ్చింది, ఇక లమ్జద్ అటు నుంచి పంపుతాడు అనుకున్నాను. అందుకే ఆగాను."

"ఆగకుండా ఉంటే ఎత్తు దాటేసేవాడివి."

"నా పాట మీద విమానం అరుస్తుంటే ఎమ్నాకి ఏం గుర్తుంటుంది, విమానమా నేనా? నేనాపితే నేనాపినట్టు." పాల గ్లాసు కింద పెట్టాడు. "ఒకవేళ నువ్వు అటు నుంచి పంపకపోతే భయపడేవాణ్ణి. మా ఇంటి అన్నం వీడికి తలకెక్కిందని."

లమ్జద్ తల వంచుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మామా, ఒక్క సాయం చెయ్. ఇది వీధిలో చెప్పు. పొగ సంగతి, గాలి సంగతి. నేను చెబితే నమ్మరు. నీ నోటితో చెబితే పళ్లాలు ఆగుతాయి," అన్నాడు.

"ఆసుపత్రి నుంచి రాగానే చెబుతాను నాయనా. ఇప్పుడు మాట్లాడొద్దన్నారు."

ఆసుపత్రి నుంచి వచ్చాడు. మనిషి మిగిలాడు. డాక్టరు చెప్పినట్టు పాట పోయింది, మాట కూడా దానితోపాటే పోయింది. తీజానీకి రాత రాదు.

అయినా మాట తప్పే మనిషి కాదు. ఒక సాయంత్రం కాఫీ కొట్టు ముందు అందరూ ఉండగా లమ్జద్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టాడు. అందరూ లేచి చుట్టూ మూగారు. తీజానీ టవర్ వైపు చూపించాడు. లమ్జద్ గుండె మీద వేలు పెట్టాడు. తర్వాత తన అరచెయ్యి పైకెత్తి, పొగ వాలినట్టు ఉత్తరం వైపు వంచి, నిటారుగా నిలబెట్టి, నిదానంగా ఊరి వైపు తిప్పాడు. కత్తి పట్టిన చెయ్యి కదా, వణుకు లేకుండా అంత చక్కగా తిప్పాడు. నోటితో 'ఫూ' అని ఊదాడు. చివరికి రెండు చేతులూ చాపి, ఇంక అంతే, ఎవరేం చేయగలరు అన్నట్టు పెట్టాడు. నాకూ లమ్జద్‌కీ అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది.

లల్లా మోంజియా కళ్లు పెద్దవి చేసుకుంది.

"చూశారా! నేను చెప్పలా? ఇతను చెయ్యి తిప్పితే గాలి తిరుగుతుందట! అన్నం పెట్టిన మామే సాక్ష్యం చెబుతున్నాడు!"

తీజానీ గట్టిగా తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మొదటి నుంచి చూపించాడు. ఈసారి ఇంకా వివరంగా తిప్పాడు. జనం ఇంకా గట్టిగా నమ్మారు. మూడోసారి మొదలుపెట్టబోతే లమ్జద్ ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. ముసలాయన అతని మొహంలోకి చూసి, చప్పుడు లేకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. లమ్జద్‌కి నవ్వు రాలేదు. కొంచెం సేపటికి వచ్చింది. అది నవ్వో ఇంకేదో నేను చెప్పలేను.

తెల్లారి లమ్జద్ గుమ్మంలో పళ్లెం ఉంది. ఇదివరకు చూసిన వాటికన్నా పెద్దది, మీద మాంసం ముక్కలు. మోంజియా మనవడికి శుక్రవారం సున్తీ.

ఇంకో సంగతి. ఆ వారంలోనే లమ్జద్ వీధికి అవతల ఎవరో సలాం అంటే బదులుగా చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గాలి పడిపోయింది, ఆరవేసిన బట్టలు ఒక్కసారిగా వేలాడిపోయాయి. చూసినవాళ్లు నలుగురున్నారు.

అప్పటి నుంచి వీధిలో నడిచేటప్పుడు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాడు, ఎండాకాలమైనా సరే. ఎవరు పలకరించినా తల మాత్రం ఊపుతాడు. విమానం వస్తే మేమంతా మాట ఆపి చెయ్యి గాలిలో నిలబెడతాం. అతను మాత్రం జేబుల్లోంచి తియ్యడు.